చెల్లి చెవిలో నా అడుగులు

నా మోకాలు ఒక్క రోజులో పోయిందని అందరికీ చెప్పాను. పొద్దున్న లేచినప్పుడు బాగానే ఉంది, పరుగు మూడో చుట్టులో మలుపు దగ్గర కలుక్కుమంది, అక్కడే కూలబడిపోయాను. పిన్నికీ అలాగే చెప్పాను, షాపులో మాస్టారికీ అలాగే చెప్పాను, డాక్టరుకీ అలాగే చెప్పాను. చెప్పగా చెప్పగా నాకూ అదే నిజమనిపించింది.

నాకు కోపం ఎక్కువ. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది, మున్ముందు చాలాసార్లు అరుస్తాను కాబట్టి. బట్టలు సరిచేసే షాపులో మిషను మీద కూర్చునే పని నాది. ప్యాంట్ల పొడవు తగ్గించడం, తెగిన జిప్పులు మార్చడం, పెళ్ళికి కుట్టించుకున్న కోట్లని ఏడాది తిరక్కుండానే వదులు చేయడం. ‘ఉతికితే కుంచించుకుపోయిందండీ’ అని ప్రతి మగమనిషీ అంటాడు. ‘కోటు కుంచించుకోలేదు, మీరే పెరిగారు’ అని నేను అంటాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందట. మా మాస్టారు నాకు పటాసు అని పేరు పెట్టి, అది నాకు తెలీదనుకుంటున్నాడు.

ఇంట్లో ముగ్గురం. మమ్మల్ని పెంచిన పిన్ని, నేను, నాకంటే నాలుగేళ్ళు చిన్నదైన చెల్లి. చెల్లికి చూపు లేదు. పుట్టుకతో లేకపోవడం కాదు. పదిహేనో ఏట అంచుల నుంచి మొదలై, రోజుకింత మూసుకుంటూ వచ్చి, ఇరవై ఆరో ఏటికి పూర్తిగా పోయింది. ఆసుపత్రిలో ఫోన్లెత్తి, ఎవరికి ఏ విభాగం కావాలో కలిపే ఉద్యోగం దానిది. హలో అన్న ఒక్క మాటతోనే అవతలి మనిషి భయపడుతున్నాడో, కోపంగా ఉన్నాడో చెప్పేస్తుంది. తీపి తినకూడని పిన్ని వంటింట్లో పంచదార డబ్బా మూత చడీచప్పుడు లేకుండా తిప్పితే, పక్క గదిలోంచి చిన్నగా దగ్గుతుంది. పిన్ని మూత మళ్ళీ పెట్టేస్తుంది.

చూపు పోయాక అది చేతులు ముందుకు చాచి నడవడం మొదలుపెట్టింది. బయట చేతికర్ర ఉంటుంది కాబట్టి ఫరవాలేదు. ఇంట్లోనే, తను పుట్టి పెరిగిన గదుల్లోనే, రెండు చేతులూ గాలిలో పెట్టుకుని తిరిగేది. ఎవరో దాని ఇంటిని రోజూ మార్చేస్తున్నట్టు. చూస్తే కలిగే బాధ నాకు పైకి కోపంగా వచ్చేది. చేతులు దించవే, గోడ ఎక్కడికీ పోలేదు, అని కసిరేదాన్ని. కసిరాక గదిలోకి పోయి ఏడ్చేదాన్ని.

నాలుగేళ్ళ కిందట ఒక పొద్దున్న అది నా మంచం దగ్గరికొచ్చి, నన్నొకసారి పరిగెత్తించు అక్కా అంది. స్కూల్లో ఉన్నప్పుడు దానికి పరుగంటే ప్రాణం. నేనా, బస్సు వెళ్ళిపోతున్నా పరిగెత్తని మనిషిని. అయినా ఆ వేళే షాపులో జీన్సు నడుం పట్టీ ముక్క ఒకటి తీసుకుని జానెడు పొడవు పట్టీ కుట్టాను. ఒక చివర నా ఎడమ చేతిలో, రెండో చివర దాని కుడి చేతిలో. మంచినీళ్ళ ట్యాంకు వెనక మైదానం ఉంది. మధ్యలో గడ్డి, దాని చుట్టూ మట్టి బాట. పొద్దున్నే అక్కడ మంచు నడుం దాకా ఉంటుంది. అవతలి చివర గోల్ స్తంభాలు నేల లేకుండా వేలాడుతుంటాయి. ఆ మంచులోకి మేమిద్దరం దిగాం.

మొదటి వారం పడ్డాం, లేచాం, తిట్టుకున్నాం. తర్వాత ఒక పద్ధతి కుదిరింది. పరిగెత్తేటప్పుడు మాటలు లేవు. అది దాని నియమం. పట్టీ ఎటు వెళ్ళాలో చెప్తుంది, నీ అడుగు నువ్వెక్కడున్నావో చెప్తుంది, నువ్వు మాట్లాడితే రెండూ పోతాయి అంది. నా బూట్లు టపటపా మోగేవి. ఆ మోత పక్కనే అది తన అడుగు వేసేది. పరిగెత్తేటప్పుడు మాత్రం దాని చేతులు ముందుకు వెళ్ళేవి కావు. ఒకటి పట్టీలో, రెండోది పక్కన తేలికగా ఊగుతూ ఉండేది. రోజంతా చేతుల్తో గాలిని తడుముకునే మనిషి ఆ అరగంట తల పైకెత్తి, నోరు కాస్త తెరిచి, నిద్రలో నవ్వే పాపాయిలా పరిగెత్తేది. ఆ కాసేపూ తనకి కలలో ఉన్నట్టుంటుందని, కలలో కళ్ళు మూసుకునే ఉంటాం కదా అని అనేది.

మెల్లమెల్లగా ఇంట్లో కూడా చేతులు దించింది. ఇలా రెండున్నరేళ్ళు. అప్పుడు నా మోకాలు పోయింది.

డాక్టరు ఫోటోలు తీయించి, మోకాలి చిప్ప కింద అరిగిపోయిందన్నాడు. మూడు నెలలు విశ్రాంతి తీసుకోమన్నాడు, పరుగు పూర్తిగా మానేస్తే ఇంకా మంచిదన్నాడు. నేను ఆయన మీద అరిచాను. ఆయన అలవాటైన మనిషిలా మందుల చీటీ రాసిచ్చాడు.

చెల్లిని వేరే వాళ్ళతో పంపిద్దామని చూశాను. బ్యాంకులో పనిచేసే ఒకాయన రోజూ మైదానానికి వస్తాడు, బంగారంలాంటి మనిషి, సంతోషంగా ఒప్పుకున్నాడు. ఒక్క రోజు వెళ్ళొచ్చి బూట్లు అటకమీద పెట్టించేసింది. ఏమైందే అంటే, ఆయన నన్ను పరిగెత్తించలేదు, గాజు సామాను మోసుకెళ్ళినట్టు మోశాడు, అడుగడుక్కీ సారీ చెప్పాడు అంది. ఇంకొకళ్ళని చూద్దామంటే వద్దంది. నెల తిరిగేసరికి వంటింట్లో మళ్ళీ దాని చేతులు గాలిలోకి లేచాయి. పిన్ని చూసి నా వైపు చూసింది. నేను కూరగాయల బుట్ట సర్దుతున్నట్టు నటించాను. ఆ చేతులు మళ్ళీ కిందికి దిగాలంటే నేను మళ్ళీ పరిగెత్తాలి. నాకు అంతకుమించి వేరే కోరికేమీ లేదు.

అలా వెళ్ళాను ఫిజియో అమ్మాయి దగ్గరికి. జడలో పెన్సిలు గుచ్చుకుని ఉంటుంది, పాతికేళ్ళు కూడా ఉండవు. నన్ను బూట్లతో వరండాలో పది అడుగులు పరిగెత్తమంది. పక్క గదిలోంచి ఒకావిడ, ఏమైనా పడిందా అని తొంగి చూసింది. తర్వాత బూట్లు విప్పి పరిగెత్తమంది. చల్లటి గచ్చు తగలగానే నా ఒళ్ళు దానంతటదే జాగ్రత్త పడింది. అడుగులు పొట్టివయ్యాయి, మోకాళ్ళు వంగాయి, మడమ ముందు పడడం మానేసింది. నేనేమీ చేయలేదు, కాళ్ళే చేసుకున్నాయి.

ఉత్త కాళ్ళతో నిదానంగా మొదలుపెడితే మోకాలి మీద దెబ్బ తగ్గొచ్చని ఆ అమ్మాయి చెప్పింది. రెండు వారాలు గడ్డిలో నడక. ఆ తర్వాత పరుగు, ఒక్క నిమిషం. మర్నాడు సెలవు. వారానికి ఒక్క నిమిషమే పెంచాలి. చప్పుడు వినండి, చప్పుడు ఎంత తగ్గితే దెబ్బ అంత తగ్గినట్టు అంది. నిదానమే ప్రధానం అని కూడా అంది, పెద్ద ముత్తవ్వలాగా. ఆలస్యం అమృతం విషం అని నేనూ విన్నాను.

ఇంటికెళ్ళి చెప్తే పిన్ని ముక్కున వేలేసుకుంది. మా రోజుల్లో చెప్పుల్లేక నడిచాం, మీకు ఉండి కూడా విప్పుకునే రోగం పట్టుకుంది అంది. మాస్టారు మాత్రం ఆశ్చర్యపోలేదు. నేను మొదటి నుంచీ మిషను పెడలు ఉత్త కాలితోనే తొక్కుతాను, చెప్పు అడ్డముంటే కుట్టు ఎంత వేగంగా పోతోందో అరికాలికి తెలీదు. రోజూ షాపు మూసేముందు అయస్కాంతం కట్టిన కర్రతో నేలంతా తుడిచి గుండుసూదులు ఏరేది కూడా నా కాళ్ళ కోసమే. కాబట్టి నా పాదాలు గట్టివి, నా లెక్క వేరు అనుకున్నాను. రెండు వారాల నడక నాలుగు రోజుల్లో ముగించాను. ఒక్క నిమిషం పరిగెత్తాల్సిన చోట పన్నెండు నిమిషాలు పరిగెత్తాను. మోకాలు కిక్కురుమనలేదు. ఆనందంతో ఇంటికొచ్చి పడుకున్నాను.

మర్నాడు మంచం దిగబోతే రెండు పిక్కలూ రాళ్ళలా బిగుసుకుపోయి ఉన్నాయి. మేడ మెట్లు కూర్చుని ఒక్కొక్కటీ జారుకుంటూ దిగాను. కింద పిన్ని చేతులు కట్టుకుని చూసింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంది. ఐదు వారాలు పోయాయి. ఫిజియో అమ్మాయి అరవలేదు, జడలోంచి పెన్సిలు తీసి నా కార్డు మీద ‘మళ్ళీ మొదటి నుంచి’ అని రాసింది. అరిచినా బాగుండేది.

రెండోసారి బుద్ధిగానే మొదలుపెట్టాను. బుద్ధి అంటే నా కొలతలో. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళంతా మెత్తబడుతుంది. పొద్దున్నే మంచులోకి ఒక్కదాన్నే దిగేదాన్ని. గడ్డి తడి ముందు చురుక్కుమని, తర్వాత గోరువెచ్చగా అనిపించేది. నేల అంతా ఒకటే అనుకుంటాం కానీ కాదు. ఒక చోట దూదిలా ఉండేది, నాలుగడుగులు పోతే చల్లటి ఇసుక, ఇంకాస్త పోతే చీమలు తవ్విన మట్టి పొడి. నలభై ఏళ్ళ దాకా నేను ఈ నేల మీదే తిరిగానా, లేక వేరే ఎక్కడో తిరిగానా అనిపించేది. ఒక నిమిషం, రెండు నిమిషాలు, మూడు. పాదం నేలని అడిగి ఆనుతున్నట్టుండేది. చప్పుడు రోజురోజుకీ తగ్గింది. ఒక పొద్దున్న గడ్డిలో పిట్ట నేను మూరెడు దూరం వచ్చేదాకా ఎగరలేదు. ఆ వేళ షాపులో ఒక్క కోటాయన్నీ ఏమీ అనలేదు. మాస్టారు ఒంట్లో బాలేదా అని అడిగాడు.

ఎనిమిది నిమిషాలకి వచ్చాక ఇక ఆగలేకపోయాను. పదిహేను నిమిషాలు దాటేదాకా ఎవరినీ వెంట పెట్టుకోవద్దని ఫిజియో అమ్మాయి చెప్పింది. కానీ ఇంట్లో చెల్లి ఫ్రిజ్జు దగ్గరికి కూడా చేతులు చాచి వెళ్తోంది. అటకమీంచి దాని బూట్లు దింపి దులిపాను. రేపు పొద్దున్న మనం వెళ్తున్నాం అన్నాను. దాని మొహం విప్పారింది. చాలా సేపు బూట్ల తాళ్ళు పట్టుకుని కూర్చుంది.

మర్నాడు మంచు చిక్కగా ఉంది. పట్టీ చెరో చివరా పట్టుకున్నాం. నేను ఉత్త కాళ్ళతో, అది బూట్లతో. మొదలుపెట్టాం. నేను ఎంత మెత్తగా పరిగెత్తానంటే, నా అడుగు నాకే వినపడలేదు. గర్వంతో పొంగిపోయాను. చూశావా నీ అక్కని, అని లోపల్లోపలే అనుకున్నాను. పైకి అనలేదు, మాటలు లేవు కదా. పక్కన దాని ఊపిరి మారడం నేను గమనించలేదు. రెండున్నరేళ్ళు నా చప్పుడుని గోడలా పట్టుకుని పరిగెత్తిన మనిషి పక్కన ఇప్పుడు ఏమీ లేదు, ఒక జానెడు గుడ్డ తప్ప. అది నా కోసం వెతుక్కుంటూ కొంచెం కొంచెం నా వైపు జరిగింది. నేను ఆ చప్పుడు పోగొట్టడానికి నాలుగు నెలలు కష్టపడ్డాను. అది దానికి దారి అన్న సంగతి ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. మలుపు దగ్గర దాని బూటు నా ఎడమ పాదం మీద పూర్తి బరువుతో పడింది.

ఎముక విరిగిన చప్పుడు మాత్రం ఇద్దరికీ బాగానే వినపడింది.

పాదం పై ఎముకలో చీలిక అన్నారు. మోకాలి దాకా పిండికట్టు వేసి ఆరు వారాలు కదలొద్దన్నారు. మూలిగే నక్క మీద తాటిపండు పడడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. కాలు దిండు మీద పెట్టుకుని పడుకుంటే మందుల మగతలో ఒకటే కల వచ్చేది. నా రెండు పాదాలూ నన్ను వదిలేసి ఇంట్లోంచి బయటికి నడిచి వెళ్ళిపోతుంటాయి. కిటికీలోంచి చూస్తే మంచులో గడ్డి మీద తడి గుర్తులు పడుతూ ఉంటాయి, మనిషి మాత్రం ఉండదు. కేకేద్దామంటే పాదాలకి చెవులుండవు కదా అనిపించి ఊరుకుంటాను. మెలకువ వచ్చేసరికి చెంపలు తడిగా ఉండేవి.

చెల్లి నాకు అన్నీ చేసింది. మంచం దగ్గరికి నీళ్ళు తెచ్చింది, దిండు సర్దింది, ఆసుపత్రికి ఎవరెవరు ఎలా ఫోన్ చేశారో గొంతులు మార్చి చెప్పి నవ్వించింది. గుడ్డిదానితో పరిగెత్తినందుకు గుడ్డిలో మెల్లలా ఒక్క కాలే పోయింది అని తనే అంది. పిన్ని దాన్ని కసురుకుంది, మేమిద్దరం పడీపడీ నవ్వాం. అలా రెండు వారాలు గడిచాక ఒక సాయంత్రం, నా పక్కన మంచం మీద కూర్చుని, నేనింక పరిగెత్తను అక్కా అంది. బూట్లు ఎవరికైనా ఇచ్చెయ్యమంది.

తొక్కినందుకు బాధపడుతోంది అనుకున్నాను. నువ్వు కావాలని తొక్కావా, కట్టు విప్పాక మళ్ళీ వెళ్దాం, తప్పంతా చప్పుడు చేయని నా కాళ్ళది, అని ఏవేవో చెప్పాను. అది తల అడ్డంగా ఊపింది. తొక్కినందుకు కాదంది. ఇంకెందుకే అంటే దుప్పటి అంచు వేళ్ళతో సవరించింది. తర్వాత అంది.

“నీ మోకాలు ఒక్క రోజులో పోలేదు అక్కా. ఆరు నెలల ముందు నుంచీ నీ కుడి అడుగు ఆలస్యంగా పడుతోంది. నాకు రోజూ వినపడేది.”

నా చెయ్యి దానంతటదే కుడి మోకాలి మీదికి వెళ్ళింది.

“చెప్తే నువ్వు ఆపేస్తావు. అందుకని చెప్పలేదు. నీ కాలు అరుగుతోందని తెలిసీ ఆరు నెలలు నీ మీద పరిగెత్తాను.”

అరికాలి మంట నెత్తికెక్కడమంటారే, అరికాలికి పిండికట్టు ఉన్నా అంత పనీ అయింది. ఏమన్నానో అన్నీ గుర్తులేవు. నా కాలు తిన్నావన్నాను. బయటికి పొమ్మన్నాను. అది లేచి, చేతులు ముందుకు చాచి, తలుపు వెతుక్కుంటూ వెళ్ళింది. ఆ గదిలో తలుపు ఎక్కడుందో దానికి పుట్టినప్పటి నుంచీ తెలుసు.

పద్దెనిమిది రోజులు మాట్లాడుకోలేదు. నీళ్ళు పిన్నితో పంపేది, గ్లాసు పిన్నితో తిప్పి పంపేదాన్ని. మీ ఇద్దరి మధ్యా నేను పోస్టాఫీసు నడపలేను అని పిన్ని విసుక్కుంది. నా కోపం తాటాకు మంటని ఇంట్లో అందరికీ తెలుసు, భగ్గుమని లేచి చల్లారిపోతుంది. ఈసారి చల్లారలేదు. నేనే చల్లారనివ్వలేదు. కాస్త తగ్గగానే ఆ ఆరు నెలల మాట మళ్ళీ తలుచుకుని రాజేసుకునేదాన్ని. కోపంగా ఉన్నంతసేపూ నాకు సుఖంగా ఉండేది. ఎందుకు సుఖంగా ఉందో ఆలోచించే అవసరం రాకుండా చూసుకున్నాను.

కట్టు విప్పారు. కాలు సన్నగా, తెల్లగా, ఎవరిదో తెచ్చి తగిలించినట్టుంది. ఫిజియో అమ్మాయి కార్డు తీసి రెండోసారి ‘మళ్ళీ మొదటి నుంచి’ అని రాసింది. ఈసారి నాకు అరవాలనిపించలేదు. వారం తర్వాత నా నడక చూసి, మీకు తెలీకుండానే కుంటుతున్నారు, ఇలాగే పరిగెత్తితే ఆ బరువంతా మళ్ళీ మోకాలి మీదికే వెళ్తుంది అంది. పక్కన ఎవరైనా ఉండి, తేడా రాగానే ఆపమని చెప్పాలట. కళ్ళతో పట్టుకోవడం కష్టమట, తేడా అంత చిన్నదట.

ఇంటికొచ్చే దారిలో బస్సులో కూర్చుని ఆ మాటే నమిలాను. దిగాక మెట్లెక్కి, చెల్లి గది గుమ్మంలో నిలబడ్డాను. అది మంచం మీద బట్టలు మడతపెడుతోంది. నేనే అని దానికి తెలుసు, ఏ కాలు ముందు వేశానో కూడా తెలుసు. తల ఎత్తలేదు.

రేపు పొద్దున్న మైదానానికి వస్తావా అని అడిగాను. పరిగెత్తడానికి కాదు, వినడానికి అన్నాను.

అది మడతపెట్టిన తువ్వాలు విప్పి మళ్ళీ మడతపెట్టింది. వస్తానంది.

ఆ రోజు నుంచీ అది బాట పక్క సిమెంటు గట్టు మీద కూర్చునేది, చెవి నా వైపు తిప్పి. నేను దాని ముందు అటూ ఇటూ నడిచేదాన్ని, నడక కుదిరాక గడ్డిలో పరిగెత్తేదాన్ని. మామూలు మనుషులకి వినపడేంత చప్పుడు నా దగ్గర లేదు. దానికి వినపడేది. ఎడమ కాలు భయపడుతోంది అనేది. మడమ ముందు పడింది అనేది. ఆపు అనేది. ఎంతో బాగా వెళ్తున్నప్పుడు ఆపు అంటే నాకు ఒళ్ళు మండేది. ఇంకొక్క రౌండే అనేదాన్ని. కుదరదు అనేది, ఆసుపత్రి ఫోన్లో డాక్టరు లేరు రేపు చెయ్యండి అన్నంత మర్యాదగా. నేను ఆగేదాన్ని. నా జీవితంలో ఎవరు ఆగమన్నా ఆగింది అదే మొదలు.

ఒక నిమిషం మూడు వారాలు ఒక నిమిషంగానే ఉండిపోయింది. రెండో నెలలో చిటికెన వేలి కింద బొబ్బ లేచింది. నాకు తెలిసేలోపు దానికి తెలిసింది, నాలుగు రోజులు ఇంట్లో కూర్చోబెట్టింది. ఐదు నిమిషాలప్పుడు మడమ నరం పట్టేసింది, చెల్లి మళ్ళీ మూడు నిమిషాలకి దించింది. ఎండలు వచ్చి మంచు పోయింది, వానలు వచ్చి గడ్డి పెరిగింది, మళ్ళీ మంచు మొదలైంది. ఆ ఆరు నెలల సంగతి ఇద్దరం ఎత్తలేదు. అది రోజూ గట్టు మీద కూర్చునేటప్పుడు తన బూట్లు కూడా విప్పి, పాదాలు గడ్డిలో పెట్టుకోవడం చూశాను. కొన్నాళ్ళకి లేచి ఆ గట్టు వెంబడే పది అడుగులు అటు, పది అడుగులు ఇటు నడవడం చూశాను. ఏమీ అడగలేదు. అడిగితే మానేస్తుందేమోనని భయం.

ఒక పొద్దున్న మంచు నడుం దాకా దిగి ఉంది. నేను ఇరవై నిమిషాలు పరిగెత్తాను. ఆపు అనే మాట ఎక్కడా రాలేదు. గట్టు ముందు నుంచి రెండుసార్లు వెళ్ళాను, మూడోసారీ వెళ్ళాను. అయినా రాలేదు. చివరికి నేనే దాని ముందు ఆగి, ఎలా ఉందే అని అడిగాను. అది ఉలిక్కిపడింది. ఎప్పుడొచ్చావు అంది. తర్వాత దాని మొహం మెల్లగా మారింది, ఏదో పెద్ద కబురు ఫోన్లో విన్నప్పుడు మారినట్టు.

“నాకు వినపడలేదక్కా,” అంది. “రెండు కాళ్ళూ వినపడలేదు.”

నేను గడ్డిలో కూర్చుని మొహం మోకాళ్ళలో పెట్టుకున్నాను. కాసేపటికి అది చెయ్యి చాచి నా తల వెతుక్కుంది. జుట్టు చెరిపి, లే, నాకూ కావాలి అంది.

ఏం కావాలే అంటే, ఒక్క నిమిషం అంది. ఉత్త కాళ్ళతో మొదటి రోజు ఒక్క నిమిషమే కదా, నాకూ అంతే, ఎక్కువ చేస్తే ఫిజియో అమ్మాయికి చెప్తాను అంది. నీకు నేను వినపడను కదే, మళ్ళీ నన్ను తొక్కితే ఫరవాలేదు, నువ్వు పడితే ఎలా అన్నాను. అది నవ్వింది. నీకు అంత నోరుండగా కాళ్ళ చప్పుడెందుకు, మాట్లాడు అంది. దాని నియమం అదే కొట్టేసింది.

పట్టీ అందుకున్నాం. నాలుగు ఉత్త పాదాలు. గడ్డి చల్లగా ఉంది. మొదలుపెట్టాం.

ఏం మాట్లాడాలో తోచలేదు. అంత వాగే మనిషిని, పరిగెత్తుతూ మాట్లాడమంటే ఖాళీ అయిపోయాను. మూడోసారి కోటు వదులు చేయించుకోవడానికి వచ్చినాయన కథ చెప్పాను. ఈసారి వదలడానికి లోపల గుడ్డ లేదని చెప్తే, అయితే నన్ను ఎక్కడ కుట్టేస్తావమ్మా అన్నాడని చెప్పాను. అది నవ్వింది. నవ్వుతూనే నా గొంతు పక్కనే, ఒక్క అంగుళం తప్పకుండా, పరిగెత్తింది. తల పైకెత్తింది. మంచు మా చుట్టూ విడిపోతూ, వెనక కలుస్తూ ఉంది. నేల ఉందో లేదో తెలీనంత మెత్తగా వెళ్తున్నాం. కోటు కథ అయిపోయింది. సగం నిమిషం మిగిలింది. చెప్పడానికి నా దగ్గర ఇంకొక్క మాటే ఉంది.

“ఆ ఆరు నెలలూ నాకు నొప్పి ఉండేదే,” అన్నాను. “మొదటి రోజు నుంచీ ఉంది. నీకు తెలిస్తే నువ్వు ఆపేస్తావని చెప్పలేదు. చెప్పకపోగా నిన్ను తిట్టాను.”

పట్టీ బిగుసుకోలేదు. దాని అడుగు తడబడలేదు.

“తెలుసక్కా,” అంది. “నొప్పి లేకుండా ఎవరి అడుగూ ఆలస్యం కాదు. ఆగకు, మాట్లాడుతూ ఉండు. మలుపు ఎంత దూరం?”

పది అడుగులు అన్నాను. తొమ్మిది అన్నాను. కళ్ళలో నీళ్ళు నిండి నాకే మలుపు మసకబారిపోయింది. అయినా లెక్క ఆపలేదు, ఎనిమిది అన్నాను, ఏడు అన్నాను, ఎందుకంటే నేను ఆపితే దానికి పక్కన ఎవరూ ఉండరు.